ఆరు గంటల ఆట, ఆరు వారాల లెక్క

ఎదురింటి బాబుకు అప్పుడు ఏడేళ్లు. మూడు వారాలకోసారి వాళ్లమ్మ స్కూలుకు సెలవు చీటీ పంపించి, వాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్లి రక్తం ఎక్కించుకొచ్చేది. తలసీమియా. నేను ఇంటర్ ఫస్టియర్‌లో ఉన్నప్పుడు ఒకసారి వాళ్లాయన ఊళ్లో లేడని తోడుగా నేనూ పోయాను. పొద్దున తొమ్మిదికి పోయినవాళ్లం సాయంత్రం నాలుగు దాకా అక్కడే ఉన్నాం. రక్తం చుక్క చుక్కగా ఎక్కుతుంటే వాడు ఎడమచేత్తో బొమ్మలు గీసుకుంటూ పడుకున్నాడు. కుడిచేతికి సూది ఉంటుంది కాబట్టి ఎడమచేత్తో గీయడం వాడికి అప్పటికే అలవాటైపోయింది.

ఆ పిల్లల ఒంట్లో హిమోగ్లోబిన్ సరిగా తయారు కాదు. బయటినుంచి రక్తం ఎక్కిస్తూనే ఉండాలి. ఎక్కించేకొద్దీ ఇనుము గుండెలో, కాలేయంలో పేరుకుంటుంది కాబట్టి దాన్ని బయటికి పంపే మాత్రలు రోజూ మింగాలి. తల్లీ తండ్రీ ఇద్దరూ పైకి ఆరోగ్యంగానే ఉంటారు. కానీ ఇద్దరిలోనూ ఆ లోపం దాగి ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ముందే ఒక రక్త పరీక్ష చేయించుకుని ఉంటే తెలిసేదట. ఎదురింటి అక్క, అంటే బాబు వాళ్లమ్మ, ఈ మాట చెప్పేటప్పుడు నా మొహం చూడకుండా బాబు దుప్పటి సర్దుతూ చెప్పింది.

పక్క మంచం దగ్గర బద్వేలు అవతలి పల్లె నుంచి వచ్చిన ఒకామె ఉంది. తెల్లవారుజామున నాలుగుకు లేచి, రెండు బస్సులు మారి వచ్చిందట. ఆ రోజు కూలి పోయింది, పాపకూ తనకూ చార్జీలు, మధ్యాహ్నం తిండి. "రక్తం ఊరికే ఇస్తారు పాపా. ఈడికి వచ్చేదానికే లెక్క కావాల" అంది. మా కడప వైపు డబ్బును లెక్క అంటాం. నెలకు ఒకటి రెండుసార్లు, ఏళ్ల తరబడి, ఆ ప్రయాణం. పోయిన నెల చార్జీలు చేతిలో లేక వారం ఆలస్యంగా వచ్చామని, అప్పటికి పాప మెట్లెక్కలేకపోయిందని చెప్పింది.

ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. మర్నాడు కాలేజీలో నా ఫ్రెండుకు చెప్పాను. ఇద్దరం రక్తం ఇద్దామని రక్తనిధికి పోయాం. అక్కడి సిస్టర్ మా వయసు అడిగింది. పదహారు. రక్తం ఇవ్వాలంటే 18 నిండాలి, బరువు కనీసం 45 కిలోలు ఉండాలి. "రెండేళ్లాగి రండమ్మా" అని ప్రేమగానే పంపించేసింది. రక్తం ఇవ్వలేకపోతే చార్జీలైనా ఇద్దాం అన్న ఆలోచన ఆ రోజు తిరిగొచ్చేటప్పుడు ఆటోలో పుట్టింది.

డ్యాన్స్ సంగతి చెప్పింది మా పెద్దమ్మ కూతురు. అక్క అమెరికాలో, పెన్సిల్వేనియాలో ఎంఎస్ చదువుతోంది. అక్కడ పెన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో 1973 నుంచి విద్యార్థులు డ్యాన్స్ మారథాన్ చేస్తున్నారు. ఇప్పుడైతే కూర్చోకుండా, నిద్రపోకుండా 46 గంటలు. పోగైన డబ్బు కేన్సర్ వచ్చిన పిల్లల కుటుంబాలకు పోతుంది. వీడియో కాల్‌లో అక్క ఇదంతా చెప్పి, "మీరు మాత్రం 46 గంటల జోలికి పోవద్దు. ఆరు చాలు. గంటకు ఇంత అని స్పాన్సర్లను రాయించుకోండి" అంది. పద్ధతి సులువుగానే ఉంది: "నేను గంటసేపు ఆడితే మీరు పది రూపాయలిస్తారా, ఆరు గంటలు ఆడితే అరవై ఇస్తారా" అని ముందే అడిగి రాయించుకోవడం, ఆడిన తర్వాత పోయి తెచ్చుకోవడం.

ఇంట్లో చెబితే జేజి, అంటే మా నానమ్మ, నమ్మలేదు. "ఎగిరేదానికి లెక్క ఎవురిస్తారు మే?" అంది. నాన్నకు వేరే బెంగ. ఆడపిల్లలు రాత్రి తొమ్మిది దాకా నలుగురిలో డ్యాన్స్ చేయడం ఆయనకు ఇష్టం లేదు. రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు ఎదురింటి అక్క తనే వచ్చి, "అన్నా, పిల్లలు మా వాడి కోసం చేస్తాండారు. నేను చివరిదాకా అక్కడే కూర్చుంటా" అని చెప్పింది. ఆ తర్వాత నాన్న కాదనలేదు. పైగా ప్రతి పిల్లకూ పిల్లాడికీ ఇంటినుంచి సంతకంతో ఒప్పుకోలు ఉత్తరం తీసుకోవాలని చెప్పింది ఆయనే. అది చాలా అక్కరకొచ్చింది.

చివరికి 22 మంది తేలాం. పద్నాలుగు మంది అమ్మాయిలు, ఎనిమిది మంది అబ్బాయిలు. ఎండాకాలం కడపలో 40 డిగ్రీలు దాటుతుంది, మార్చిలో పరీక్షలు. అందుకని సంక్రాంతి అయ్యాక జనవరి చివరి ఆదివారం అనుకున్నాం. మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి తొమ్మిది. పది దాటితే మైకు పెట్టకూడదన్నది చట్టం, మేం గంట ముందే ముగించేలా పెట్టుకున్నాం. మా వీధి చివర కళ్యాణ మండపం ఆయన అద్దె వద్దన్నారు, కరెంటు బిల్లు కట్టుకోమన్నారు. మైకు పర్మిషన్‌కు స్టేషన్‌కు పోతే మా సంతకాలు పనికిరావన్నారు. ఏం జరిగినా పూచీ పడే పెద్దవాళ్లు కావాలి. మామయ్య వచ్చి సంతకం పెట్టాడు.

డబ్బు విషయంలోనూ అంతే. మేమంతా మైనర్లం. మా పేర్ల మీద డబ్బు తీసుకోవద్దని మా కామర్స్ సార్ గట్టిగా చెప్పారు. తలసీమియా పిల్లల కోసం పనిచేసే ఒక రిజిస్టర్డ్ సొసైటీని కలిశాం. వాళ్ల రసీదు పుస్తకాలు రెండు, వాళ్ల క్యూఆర్ కోడ్ మాకిచ్చారు. పన్ను మినహాయింపు కావాలనుకునేవాళ్లు రెండు వేలు దాటితే నగదు ఇవ్వకూడదని, బ్యాంకు ద్వారానే ఇవ్వాలని వాళ్లే చెప్పారు. మాకు రాసేవాళ్లలో ఎక్కువమంది పదీ ఇరవై వాళ్లే కాబట్టి ఆ అవసరం రెండుసార్లే పడింది.

ఇంకో నియమం మేమే పెట్టుకున్నాం. పిల్లల చార్జీల కోసం అడిగిన డబ్బులోంచి ఒక్క రూపాయి కూడా ఖర్చులకు వాడకూడదు. మైకు సెట్టు, మజ్జిగ, నీళ్ల క్యాన్లు, ఫారాల ప్రింటు, పాటల వాళ్ల దారి ఖర్చు, కరెంటు బిల్లు అన్నీ కలిపి 9,400 అయింది. వై.వి. స్ట్రీట్‌లో ఒక బట్టల దుకాణం ఆయన బ్యానర్ మీద పేరు వేస్తే పదివేలు ఇస్తామన్నారు. ఖర్చు అలా గడిచింది.

అన్నిటికన్నా కష్టమైంది అడగడం. మొదటి రోజు ఏడు రోడ్ల కూడలి దగ్గర ఒక చెప్పుల షాపు ముందు నేనూ నా ఫ్రెండూ పావుగంట నిలబడ్డాం, లోపలికి పోలేక. పోయాక ఏం మాట్లాడాలో తెలియలేదు. జబ్బు పేరు చెప్పి, హిమోగ్లోబిన్ గురించి చెప్పి, పెన్ స్టేట్ గురించి చెప్పేసరికి ఆయన ఇంకో గిరాకీకి చెప్పులు తీసి చూపిస్తున్నాడు. నాలుగైదు దుకాణాలు అట్లాగే పోయాయి. సాయంత్రానికి మాట మార్చాం. "బద్వేలు నుంచి ఒకామె పాపను తీసుకుని మూడు వారాలకోసారి రక్తం కోసం వస్తుంది అంకుల్. వాళ్ల బస్సు చార్జీ కోసం ఆరు గంటలు ఆడతాం. గంటకు ఎంత రాయమంటారు?" ఇంతే. చాలామంది అక్కడే పెన్ను అడిగారు.

దోసెల బండి అన్న గంటకు పది రాశాడు. మా వీధిలో మిషన్ కుట్టే భాయ్ గంటకు యాభై రాసి, "కానీ నేనొచ్చి చూస్తా. ఆడకపోతే ఇవ్వను" అన్నాడు. నాకు ఆ మాట బాగా నచ్చింది. ఊరికే చందా ఇచ్చినవాళ్లు మళ్లీ మా వైపు చూడలేదు. గంటకు ఇంత అని రాసినవాళ్లు మాత్రం ఎదురుపడినప్పుడల్లా "ఏం పాపా, ప్రాక్టీసు అయితాందా" అని అడిగేవాళ్లు.

ఏం ఆడాలన్నది ఇంకో పెద్ద చర్చ. అబ్బాయిలంతా సినిమా పాటలే అన్నారు. పబ్లిక్ కార్యక్రమంలో రికార్డు పాటలు వేస్తే హక్కుదారుల దగ్గర లైసెన్సు తీసుకోవాలని మండపం మేనేజర్ గుర్తుచేశారు. దానికి డబ్బు పెట్టడం మాకెవరికీ ఇష్టం లేదు. అప్పుడు మా జేజి నోట వచ్చింది చెక్కభజన పేరు, చేతిలో చెక్కలు వాయిస్తూ పాడుతూ ఆడే ఆట. "మా ఊర్లో శ్రీరామనవమికి పొద్దు పొడిచేదాకా ఆడేటోళ్లు. మీకు ఆరు గంటలే కదా!" అంది. ఒంటిమిట్ట దగ్గరి పల్లెలో భజన నేర్పే ఒక పెద్దాయన ఉన్నాడని కూడా ఆమె ద్వారానే తెలిసింది. కడప నుంచి 25 కిలోమీటర్లు. వరుసగా నాలుగు ఆదివారాలు బస్సెక్కి పోయాం.

మేం ఆయన్ను తాతా అనేవాళ్లం. మొదటిరోజు చెక్కలు మా చేతికివ్వలేదు. ఉత్త చేతులతో, ఉత్త పాదాలతో మట్టిలో గుండ్రంగా నడిపించాడు. రెండో ఆదివారం ఇచ్చాడు. జానెడు కూడా ఉండని రెండు చెక్క ముక్కలు, వాటి అంచుల్లో గాడి తీసి గుచ్చిన ఇత్తడి బిళ్లలు. ఒకదాంట్లో బొటనవేలు, రెండోదాంట్లో మిగతా వేళ్లు. చెయ్యి మూస్తే టప్, విదిలిస్తే ఝల్లు. చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. పావుగంటకు బొటనవేలి మొదట్లో చర్మం ఎర్రబడుతుంది, అరగంటకు మణికట్టు మాట వినదు. "చేతితో కొట్టద్దు. కాలు నేలమీద పడేటప్పుడు చెయ్యి దానంతట అదే మూసుకోవాల" అనేవాడు తాత. మూడో ఆదివారం సాయంత్రం, ఎప్పుడో తెలియకుండానే, నాకది పట్టుబడింది. కాలు, చెక్క, పాట మూడూ ఒకే చోట పడ్డాయి. అలసట తగ్గిపోయింది. రాత్రంతా వాళ్లెట్లా ఆడతారో అప్పుడు అర్థమైంది.

ఆరోజు ఒంటిగంటకే మండపానికి చేరాం. ఒక్కొక్కరి మెడలో ఒక కార్డు, దాని మీద మా నెంబరు, ఆరు గళ్లు. గంట పూర్తయితే కామర్స్ సార్ ఒక గడిలో ముద్ర వేస్తారు. యాభై నిమిషాలు ఆట, పది నిమిషాలు విరామం. కళ్లు తిరిగినా, కాలు పట్టేసినా వెంటనే కూర్చోవాలి, ఎవరూ బలవంతం చేయకూడదు. మా క్లాస్‌మేట్ వాళ్లమ్మ నర్సు. ఆమె ఓఆర్ఎస్ ప్యాకెట్లు, ప్లాస్టర్లు పెట్టుకుని పక్కనే కూర్చుంది.

తాత ఎనిమిది మందితో వచ్చాడు. హార్మోనియం, డోలక్, గజ్జెలు. మొదటి గంట సరదాగా గడిచింది. రెండో గంటలో కోలాటం. మూడో గంట చాలా కష్టమైంది. పల్లెలో మట్టి నేల మీద నేర్చుకున్నాం, ఇక్కడ నాపరాళ్లు. మడమ వేసిన ప్రతిసారీ దెబ్బ మోకాలి దాకా వచ్చేది. నా ఫ్రెండుకు బొటనవేలి కింద బొబ్బ లేచి చిట్లింది. ప్లాస్టర్ వేయించుకుని మళ్లీ వచ్చింది. ఒక అబ్బాయికి పిక్క పట్టేసి మూడు గంటలు ఆడాక ఆపాల్సి వచ్చింది. వాడు గోడకు ఆనుకుని ఏడుస్తుంటే తాత పోయి పక్కన కూర్చుని, వాడి చేతికి చెక్కలిచ్చి, "కాలు లేకపోతే ఏమి, తాళం వెయ్" అన్నాడు. చివరిదాకా వాడు కూర్చునే తాళం వేశాడు. కార్డు మీద మాత్రం మూడు ముద్రలే పడ్డాయి. అలా ఉండాలని వాడే అన్నాడు.

ఏడు దాటగానే కరెంటు పోయింది. మైకు ఆగింది, ఫ్యాన్లు ఆగాయి, చీకటి. మండపానికి జనరేటర్ ఉంది కానీ అందులో డీజిల్ లేదు. నాకు చెమటలు పట్టాయి, ఆగితే ఆ గంట లెక్కలోకి రాదని టెన్షన్. తాత మాత్రం ఆగలేదు. మైకు ముందు నుంచి లేచి, వలయం మధ్యలోకి వచ్చి, గొంతెత్తి పాడుతూనే ఉన్నాడు. కూర్చున్న తల్లిదండ్రులు ఫోన్ల లైట్లు మా కాళ్ల వైపు పెట్టారు. పాట వినిపించాలంటే మా చెక్కలు మెత్తగా పలకాలి. ఇరవై చేతులు ఒక్కసారిగా తగ్గాయి. అంత నెమ్మదిగా, అంత కలిసి మేం అంతకుముందు ఎప్పుడూ ఆడలేదు. నలభై నిమిషాల తర్వాత కరెంటు వచ్చినప్పుడు కొందరు "అప్పుడేనా" అన్నారు.

ఎనిమిదింటికి మిషన్ భాయ్ వచ్చాడు. కొట్టు మూసి, మెడలో టేపు తీయకుండానే వచ్చాడు. చివరి గంటంతా నిలబడి చూశాడు. ఎదురింటి బాబు అప్పటికి వాళ్లమ్మ ఒళ్లో నిద్రపోయాడు.

22 మంది ఆరు గంటలంటే 132 గంటలు. ఇద్దరమ్మాయిలు నాలుగు గంటలు ఆడి ఆపారు, ఆ అబ్బాయి మూడు గంటలు ఆడి ఆపాడు, ఒకరు గంట ఆలస్యంగా వచ్చారు. ముద్రలు లెక్కపెడితే 124. ఆ రాత్రి ఇంటికొచ్చి పాదాలు వేడినీళ్లలో పెట్టుకుని ఫారాలన్నీ కూడితే 84,900 వచ్చింది. జేజిని లేపి చెప్పాను.

మర్నాడు మొదట పోయింది హార్డ్‌వేర్ షాపాయన దగ్గరికి. ఆయన ఫారం మీద "గంటకు 200" అని ఉంది. అది మేం జట్టు కోసమని రాయించుకున్న ఫారం, ఏ ఒక్కరి పేరూ లేదు. మేం 124 గంటలకు 24,800 అని రాసుకున్నాం. కాగితం చూసి ఆయన మొహం మారిపోయింది. "పాపా, నేను ఆరు గంటలకు 1,200 అనుకుంటి" అన్నాడు. సంతకం మీదే కదా అనబోయాను, అనలేదు. ఫారం మళ్లీ చదివాను. ఒక్కరికా, జట్టుకా అని అందులో ఎక్కడా లేదు. తప్పు మా కాగితంలోనే ఉంది. ఆయన్ను అలా నిలబెట్టినందుకు క్షమించమని అడిగాను. 1,200 ఇచ్చి, నీళ్లు తాగించి పంపించాడు. మొత్తం 61,300కు దిగింది.

వసూలుకు ఆరు వారాలు పట్టింది. ఆట ఆరు గంటలైతే అసలు పని అక్కడినుంచే మొదలు. కాలేజీ అయ్యాక రోజూ గంటన్నర, ఇద్దరిద్దరం. "రేపు రా పాపా" అన్నవాళ్ల దగ్గరికి మూడుసార్లు, నాలుగుసార్లు పోయాం. వారం దాటితే వాళ్లు అదే మనుషులు కారు. కార్డు మీది ముద్రలు చూపిస్తే గానీ గుర్తురాదు. ఇంకో చిక్కు క్యూఆర్ కోడ్‌తో వచ్చింది. సొసైటీ ఖాతాలో డబ్బు పడుతోంది కానీ ఎవరు ఎవరి కోసం వేశారో తెలియదు. ఇచ్చేసినవాళ్లనే మళ్లీ అడిగి ఇద్దరితో మాట పడ్డాం. ఆ తర్వాత పంపేటప్పుడు మా కార్డు నెంబరు రాయమని చెప్పడం మొదలుపెట్టాం. దోసెల అన్న అరవై ఇచ్చాడు, ఇంకో నలభై కలిపి వంద చేశాడు. కొందరు రాసింది ఇవ్వలేదు. రాసిన రోజు ఉన్న వెసులుబాటు తర్వాత ఉండకపోవచ్చు. నాలుగోసారి దాటి ఎవర్నీ అడగొద్దని నాన్న చెప్పారు, ఆపేశాం.

చేతికొచ్చింది 54,780. బ్యానర్ డబ్బులో మిగిలిన 600 కలిపి 55,380 సొసైటీ వాళ్లకు లెక్క అప్పగించాం. అడిగితే వాళ్లు ఒక కొత్త రిజిస్టర్ తెరిచారు. తేదీ, ఊరు, ఎంతమంది, ఎంత. పక్కనే బస్సు టికెట్ అతికిస్తారు. నెల తర్వాత బాబుతో ఆసుపత్రికి పోయినప్పుడు ఆ పుస్తకం చూశాను. మూడో వరసలో బద్వేలు టికెట్లు ఉన్నాయి, రానూపోనూ. ఆమె ఆ వారం సమయానికే వచ్చింది.

మరుసటి ఏడాది మా జూనియర్లు ఫారం నమూనా అడిగారు. కొత్తది టైపు చేసి ఇచ్చాను. గంటకు ఎంత అన్న గడి పక్కన "ఒక్కరికా, జట్టు మొత్తానికా" అని ఒకటి, "మొత్తం ఎంత మించకూడదు" అని ఇంకొకటి చేర్చాను. జనరేటర్‌లో డీజిల్ చూసుకోమని కింద రాశాను. నా చెక్కలు కూడా అడిగారు. అవి ఇవ్వలేదు. తాత ఊరికి ఏ బస్సెక్కాలో చెప్పి, ఆదివారం పొద్దున్నే పొమ్మన్నాను.